పదకొండడుగుల దళవాయి

ఆకెళ్ళ మార్తాండం చేసిన అన్యాయం పగవాడికి కూడా జరగకూడదని పెద్దింటి నాగప్ప గుమ్మరాళ్ళపల్లెలో కనిపించిన ప్రతివాడికీ చెబుతాడు. కనిపించనివాళ్ళకు ఫోన్ చేసి చెబుతాడు. మార్తాండం దొంగ అయివుంటే నాగప్పకు ఇంత కడుపుమంట ఉండేది కాదు. దొంగకు కాస్తో కూస్తో భయముంటుంది, కుక్క మొరిగితే గోడ దూకి పోతాడు. మార్తాండం పండితుడు. జిల్లా మ్యూజియానికి క్యూరేటరు. కుక్క మొరిగితే అది ఏ శతాబ్దం నాటి మొరుగుడో రాసుకుని పోయే రకం.

నాగప్ప ఐదో తరగతితో బడికి దండం పెట్టి కాడి పట్టినవాడు. ఆయనకు మూడెకరాల ఇరవై సెంట్ల చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. ఉంది అనకూడదు, ఉండేది. ఆ తోట మధ్యలో, అన్నం ముద్దలో రాయిలాగా, తొంభై రెండు సెంట్ల సర్కారు పోరంబోకు. ఆ పోరంబోకు మధ్యలో మోకాలెత్తు నల్లరాయి ఒకటి. దాని పేరు ఎక్కురాయి. కథంతా ఆ రాయి దగ్గరే మొదలవుతుంది.

మూడు వందల ఏళ్ళ కిందట ఆ సీమను ఏలిన పాలెగారి దగ్గర దళవాయి గిడ్డప్ప నాయకుడనే సేనాపతి ఉండేవాడట. మంచి కత్తి, మంచి నోరు. గిడ్డ అంటే ఆ పక్క పొట్టి అని. మనిషి ఎంత పొట్టివాడంటే, గుర్రం ఎక్కాలంటే కింద రాయి వేసుకోవాల్సిందే. ఆ రాయే ఈ ఎక్కురాయి. గుమ్మరాళ్ళపల్లెలో ఈ సంగతి తెలియని ముసలమ్మ లేదు. అటక మీది చట్టి అందక మొగుడు మునివేళ్ళ మీద లేస్తే, "ఏమయ్యా, గిడ్డ దళవాయి మాదిరి రాయి తెచ్చియ్యాల్నా" అని పెళ్ళాలు ఇప్పటికీ అంటారు.

ఇట్లా అటక కింద నవ్వుకోవడానికి పనికొచ్చే దళవాయిని సర్కారు పైకెత్తింది. ప్రతి జిల్లాకు ఒక వీరుడుండాలి, ప్రతి వీరుడికి ఒక మ్యూజియం ఉండాలి అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జిల్లా కేంద్రంలో ముందుగా బిల్డింగు లేచింది. పాలరాతి నేల, అద్దాల బీరువాలు, టిక్కెట్టు కిటికీ, చెప్పులు విప్పే చోట చెప్పులకు కాపలా కుర్చీ. అన్నీ ఉన్నాయి, లోపల పెట్టడానికి వస్తువులు లేవు. ఉత్తర్వులో ఒక మెలిక ఉంది. "వీరుని స్వీయ వినియోగ వస్తువులు అయిదింటికి తక్కువ కాకుండా" ఉంటేనే దాన్ని మ్యూజియం అంటారట. నాలుగుంటే అనరట. నాలుగుంటే ఏమంటారో ఉత్తర్వులో లేదు గానీ, ఆ బిల్డింగు తమకిస్తే చేపపిల్లలు పెంచుకుంటామని చేపల శాఖవాళ్ళు అప్పటికే టేపు పట్టుకుని రెండుసార్లు వచ్చి పోయారు.

మార్తాండం ఊళ్ళన్నీ తిరిగి నాలుగు వస్తువులు పోగేశాడు. ఆకువక్కల అంగడి ముసలమ్మ ఇచ్చిన అడకత్తెర ఒకటి. పాత ఇనుము కొట్లో దొరికిన గుర్రపు రికాబు ఒకటి. రాగి నాలికబద్ద ఒకటి. మూడడుగుల చేతికర్ర ఒకటి. ఐదోది దొరకలేదు. నెలాఖరు గడువు ముంచుకొస్తోంది. అప్పుడాయన జీపు ఎక్కురాయిని వెదుక్కుంటూ నాగప్ప తోటకు వచ్చింది.

రాయి చూశాడు, రాయి చుట్టూ తిరిగాడు, రాయి మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. రాయి లెక్కలోకి రాదట. అది "స్థావర వస్తువు" అట. ఎత్తి జీపులో పెట్టుకోగలిగేది కావాలట. మంచినీళ్ళ కోసం నాగప్ప కొట్టం దగ్గరికి వచ్చినవాడు అక్కడే ఆగిపోయాడు.

కొట్టం మూలలో ఇనుప బాన ఒకటి బోర్లించి ఉంది. బావుల మీద మోటార్లు రాకముందు ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడేవారు గదా, ఆ కపిల బాన. మనిషి చేతులతో కావిలించుకోవాల్సినంత బాన. అడుగున మధ్యలో గుండ్రటి బొక్క, తోలు తొండం తగిలించడానికి. అంచున రెండు చెవులు, మోకు కట్టడానికి. ముప్పై ఏళ్ళుగా దానికి పని లేక లింగమ్మ దాన్ని బోర్లించి బొల్లికోడిని పొదగేస్తోంది. బొక్కలోంచి కోడికి గాలి ఆడుతుంది, పిల్లికి తల పట్టదు. ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ ఇంజనీరూ చెయ్యలేడు.

మార్తాండం వంగి, లేచి, మళ్ళీ వంగాడు. "ఇదేమిటి నాగప్పగారూ?"

నాగప్పను జన్మలో ఎవరూ గారూ అనలేదు. ఆ గారు దగ్గరే సగం చెడ్డాడు. మిగతా సగం మార్తాండం చేతిలోని మ్యాపు దగ్గర చెడ్డాడు. ఆ మ్యాపులో హైవే నుంచి ఎక్కురాయి దాకా ఎర్రగీత ఒకటుంది. తారురోడ్డు అట, మ్యూజియం నిలబడితే వేస్తారట. నాగప్ప తోటకు బండిదారి తప్ప దారి లేదు. లారీ మైలు దూరంలో ఆగుతుంది. ఆ మైలు పేరు చెప్పి చీనీకాయల వ్యాపారి మొదటి కాపుకే ఆయన నెత్తిన చెయ్యి పెట్టాడు. లారీ చెట్టు కిందికే వస్తే ఎట్లుంటుందో నాగప్ప ఆ ఎర్రగీత మీద చూసుకున్నాడు.

"మీకేమనిపిస్తాంది సార్?" అన్నాడు.

గడప మీద చింతపండు వలుస్తున్న లింగమ్మ తలెత్తింది. "ఏమనిపించేదేంది, అది మన..."

"మేయ్, సార్‌కు మజ్జిగ తీసకరాపో," అన్నాడు నాగప్ప.

లింగమ్మ లేచిపోయింది. మార్తాండం బానను టేపుతో కొలిచాడు. అడ్డంగా రెండడుగులు. అంచున బావి రాళ్ళకు రాసుకున్న గీతల మీద వేలు పెట్టి, "ఖడ్గఘాతాలు," అని నోట్‌బుక్కులో రాసుకున్నాడు. బొక్క చూసి, "తురాయి అమర్చే స్థానం," అని రాసుకున్నాడు. చెవులు చూసి, "గడ్డం కింద తోలుపట్టీ," అని రాసుకున్నాడు. ఎత్తి లోపల చూశాడు. బొల్లికోడి ఆయన ముక్కు మీద ఒక్కటి పొడిచింది. అది రాసుకోలేదు.

"ఎప్పటినుంచి ఉంది మీ ఇంట్లో?"

"మా నాయన కాలం నుంచి ఉండాది సార్. అంతకుముందు మాట నాకు తెల్దు."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నాగప్ప నేటికీ అదే అంటాడు. మార్తాండం కాగితం ఒకటి తీసి గడగడా చదివాడు. "మా వంశీకులు సదరు దళవాయివారి వస్తువులకు పరంపరాగతముగా సంరక్షకులమై..." అని మొదలైంది. నాగప్పకు వంశీకులు అన్న మాట బాగా నచ్చింది. వాళ్ళ తాతా తండ్రీ కూలివాళ్ళే గాని వంశీకులు ఎన్నడూ కాలేదు. కాగితంలో తక్కినదేముందో అడక్కుండా సంతకం గీశాడు. ఐదు గుడ్లు చాటలోకి మారాయి. బాన జీపెక్కింది.

మజ్జిగ చెంబుతో వచ్చిన లింగమ్మకు దుమ్ము కనబడింది. "నా కోడి యాడ పొదగాలయ్యా?"

"రోడ్డు వస్తాదిమే."

"కోడి రోడ్డు మింద పొదుగుతాదా?"

పదిహేను రోజులకు జిల్లా కేంద్రంలో కమిటీ కూర్చుంది. ప్రత్యేకాధికారి నిరంజనరావు అధ్యక్షుడు. రిటైరయిన హెడ్మాస్టరు ఒకరు, రిటైరయిన సుబేదారు ఒకరు సభ్యులు. మార్తాండం కార్యదర్శి. దాతగారని నాగప్పను కూడా పిలిచి, శాలువా కప్పి, ఆఖరి కుర్చీలో కూర్చోబెట్టి బిస్కెట్లిచ్చారు. బల్ల మీద ఎర్రగుడ్డ, గుడ్డ మీద బాన. దానికి చింతపండు పెట్టి తోమినట్టున్నారు, పెళ్ళికూతురు మాదిరి మెరుస్తోంది.

హెడ్మాస్టరు లేచాడు. "శిల్పశాస్త్రం ప్రకారం మనిషి ఎత్తులో ఎనిమిదో వంతు తల. ఈ శిరస్త్రాణం వెడల్పు రెండడుగులు. కాబట్టి తల రెండడుగులు. రెండెనిమిదులు పదహారు. దళవాయివారు పదహారడుగుల పురుషుడు."

సుబేదారు మీసం దిద్దుకున్నాడు. "ముప్పై రెండేళ్ళు సర్వీసు చేశాను. మా పటాలంలో అందరికంటే పొడుగువాడు ఆరడుగులు. పదహారడుగుల వాడికి యూనిఫాం గుడ్డ ఎవడిస్తాడు? నేనొప్పుకోను."

"మరి తల?"

"తలపాగా మీద పెట్టుకునుంటాడు. తలపాగా లావు."

గంటసేపు వాదించుకున్నారు. హెడ్మాస్టరు పదహారు దిగడు, సుబేదారు ఆరు ఎక్కడు. ఊళ్ళో ఆయన్ను గిడ్డప్ప అంటారు గదా అని ఎవరైనా అంటారేమోనని నాగప్ప బిస్కెట్టు నోట్లోనే పెట్టుకుని చూశాడు. అన్నారు కూడా. దానికి హెడ్మాస్టరు, "లావుపాటివాణ్ణి బక్కోడా అని పిలవడం లేదూ? జనం ప్రేమకొద్దీ అట్లాగే పిలిచివుంటారు," అన్నాడు. సుబేదారుకు కూడా అది సబబుగానే తోచింది. నిరంజనరావు గడియారం చూసుకున్నాడు.

"ఉభయపక్షాల అభిప్రాయాలనూ సమాన గౌరవంతో పరిగణనలోకి తీసుకోవడమైనది. పదహారు, ఆరు కలిపితే ఇరవై రెండు. అందులో సగం పదకొండు. దళవాయివారి ఎత్తు పదకొండు అడుగులని ఈ సంఘం ఏకగ్రీవంగా తీర్మానిస్తున్నది. దాతగారికేమైనా అభ్యంతరమా?"

అందరూ ఆఖరి కుర్చీ వైపు తిరిగారు. ఎర్రగీత నాగప్ప కళ్ళ ముందు తారు వాసన వేసింది. "పెద్దోళ్ళు మీరు," అన్నాడు.

మనిషి పదకొండడుగులని తేలాక తక్కిన నాలుగు వస్తువులతో తంటా వచ్చింది. పదకొండడుగుల వాడి పాదం ఆ రికాబులో బొటనవేలు వరకే పడుతుంది. కాబట్టి అది రికాబు కాదు, చెవిపోగు అని కార్డు మార్చారు. అడకత్తెర గోళ్ళు తీసుకునేదయింది. నాలికబద్ద పళ్ళు కుట్టుకునే పుల్ల అయింది. మూడడుగుల కర్ర మీద అంత మనిషి ఆనుకుంటే విరగదూ? అది తాంబూలానికి సున్నం కలుపుకునే పుల్ల అని తేల్చారు. విగ్రహం పదకొండడుగులు పోశారు. హాలు ఎత్తు పది. దళవాయిని కూర్చోబెడదామని ఒకరన్నారు, వీరుడు కూర్చోడని సుబేదారు అన్నాడు. కప్పు కోశారు. ఇప్పుడు మొండెం హాల్లో ఉంటుంది, తల మేడ మీద ఉంటుంది. మేడకు వేరే టిక్కెట్టు.

ఎక్కురాయి ఒక్కటి మొండికేసింది. పదకొండడుగుల వాడికి గుర్రమెక్కడానికి రాయెందుకు? దీనికి మాత్రం మార్తాండం మూడు రోజులు ఆలోచించి వ్యాసం రాశాడు. రాయి దళవాయి ఎక్కడానికి కాదు. గుర్రం ఎక్కడానికి. ఆయన కూర్చుంటే కాళ్ళు నేల మీద ఈడ్చుకుపోయేవి గనక, ముందు గుర్రాన్ని రాయెక్కించి, దాని మీద ఆయన కూర్చునేవాడు. ఆ వ్యాసానికి ఎక్కడో బహుమతి కూడా వచ్చింది. ఆ ఏడు పరీక్షల్లో గిడ్డ అంటే పొట్టి అని రాసినవాళ్ళందరికీ సున్నా.

నాగప్ప నవ్వుకున్నాడు. కల్లంలో నలుగురిని కూర్చోబెట్టి, మా కోడిగుడ్ల బాన సర్కారు నెత్తికెక్కిందిరా అని కథలు చెప్పాడు. అట్లా నవ్విన నోరు తెరిచి ఉండగానే సర్వేయరు సిద్ధప్ప ఇద్దరు గొలుసు మనుషులతో, సున్నం బకెట్టుతో దిగాడు.

"ఏం సిద్ధప్పా, రోడ్డుకా?"

"రోడ్డు తర్వాత. ముందు డేరా స్థలం." సిద్ధప్ప ఒక జిరాక్సు కాగితం చదివాడు. పాత కైఫీయతులోది, ఊరి చరిత్ర రాసిపెట్టిన పుస్తకంలోది అట. ‘ఎక్కురాతికి నాలుగు దిక్కులా దళవాయివారి స్వంత అంగలతో నలభై అంగల మేర డేరాలు దిగినారు.’ "ఈ మేరంతా రక్షిత స్థలం."

"నలభై అంగలు సర్కారు పోరంబోకులోనే అయిపోతాయి గదప్పా. మొన్న మీ బంట్రోతే నడిచి చూసె. అంగకు రెండున్నర అడుగులు, నలభై అంగలకు నూరడుగులు. ఆ తర్వాతే నా తోట."

"అది బంట్రోతు అంగ," అన్నాడు సిద్ధప్ప ఓపిగ్గా. "బంట్రోతు దళవాయి కాడు గదా. ఆరడుగులోనికి రెండున్నర అంటే పదకొండడుగులోనికి నాలుగున్నర. మార్తాండం సారు లెక్క కట్టిచ్చినాడు. నలభై నాలుగున్నరలు నూట ఎనభై."

సున్నపు గీత పోరంబోకు దాటింది. మొదటి చీనీ వరస దాటింది. రెండోది దాటింది. నాగప్ప గీత పక్కనే నడిచాడు. నాలుగో వరసలో ఒక చెట్టుంది, వేరుపురుగు పట్టి చచ్చిపోతుంటే లింగమ్మ కడివెడు కడివెడు వేపపిండి నీళ్ళు పోసి బతికించింది. గీత దాన్ని కూడా దాటింది. నాలుగు మూలలా గీసి సిద్ధప్ప కూడిక వేశాడు. మొత్తం రెండెకరాల తొంభై ఏడు సెంట్లు. పోరంబోకు తొంభై రెండు తీసేస్తే నాగప్పది రెండెకరాల ఐదు.

"ఆరేండ్ల చెట్లు సిద్ధప్పా," అన్నాడు నాగప్ప. "నిరుడే మొదటి కాపు. బావి?"

సిద్ధప్ప టేపు లాగి చూశాడు. "బావి బతికింది పో. గీతకు ఏడడుగులు బయట పడె."

అంతా చెట్టుకానుకుని విన్న లింగమ్మ ఏడవలేదు. "బాన అని ఒక్క మాట చెప్పుంటే, థూ అని జీపెక్కి పోయేటోడు. నువ్వు మీకేమనిపిస్తాంది అన్యావు. ఆయప్పకు అనిపిచ్చింది."

మర్నాడే నాగప్ప శాలువా మడిచి చంకలో పెట్టుకుని నిరంజనరావు ఆఫీసుకు పోయాడు. శాలువా బల్ల మీద పెట్టాడు. "సార్, అది టోపీ కాదు. కపిల బాన. మా నాయన చేపిచ్చినాడు. మా ఊరి కమ్మరి వీరబ్రహ్మాచారి చేసినాడు, ఇంకా బతికే ఉండాడు, అడగండి."

నిరంజనరావుకు కోపం రాలేదు. అధికారికి కోపం రాకపోతే భయపడాలని నాగప్పకు అప్పటికింకా తెలియదు.

"చూడండి, సదరు వస్తువు రిజిస్టరులో అయిదవ క్రమసంఖ్యగా నమోదైనది. నమోదైన వస్తువు శిరస్త్రాణం కాదని నిరూపించే బాధ్యత అభ్యంతరదారుపై ఉంటుంది. విచారణ జరుపుతాం. సాక్షిని తెచ్చుకోండి. కావాలంటే ప్రయోగాత్మకంగా చూపించండి."

"చూపిస్తా సార్. మీ కండ్ల ముందరే నీళ్ళు తోడి చూపిస్తా."

కపిల తోలి ముప్పై ఏళ్ళయింది. ఊళ్ళో ఎద్దుల జత ఒక్కటే మిగిలింది, అదీ బండలాగుడు పందేలకు బాదం పప్పు తినిపించి పెంచుతున్నది. దాని యజమాని కాళ్ళు పట్టుకుని తెచ్చాడు. గిలక ఊరి మఠం అటక మీద దొరికింది. తొండం కుట్టడం మర్చిపోయానన్నవాణ్ణి కూర్చోబెట్టి బతిమాలి కుట్టించాడు. ఎద్దులు దిగే ఏటవాలు బాటలో ముళ్ళకంప కొట్టించాడు. విచారణ రోజున వ్యానులో బాన వచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్ళు, తెల్ల చేతితొడుగులేసుకున్న అటెండరు, వెనక మార్తాండం. జనం తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చారు.

ముందు సాక్షి. వీరబ్రహ్మాచారికి ఎనభై నాలుగేళ్ళు, చేతిలో కర్ర.

"ఆచారీ మామా, ఇది ఎవరు చేసిండేది? నిజం చెప్పు," అన్నాడు నాగప్ప.

ముసలాయన బానను తడిమాడు. "నేనే. పెద్ద గాలివాన వచ్చిన ఏడు. ఈ మేకులు నా చేతివే. మీ నాయన ఒక వడ్లమూట బాకీ కూడా."

నాగప్ప గుండెలోకి గాలి వచ్చింది. నిరంజనరావు మెల్లగా అడిగాడు. "మీ నాన్నగారు కూడా ఇదే పని చేసేవారా?"

"అవున్సామీ. మా తాత, ముత్తాత, అందురమూ కొలిమి ముందర పుట్టినోళ్ళమే."

"అంటే మూడు వందల ఏళ్ళ కిందట ఈ ప్రాంతంలో ఇనుప పని మీ వంశానిదే."

"ఇంకెవరున్నారు సామీ."

"కాబట్టి దళవాయివారి శిరస్త్రాణం చేసినది మీ పూర్వీకులే. మీరు చేసినది మరమ్మతు." నిరంజనరావు చెయ్యి చాచాడు. అటెండరు శాలువా అందించాడు. అది నాగప్ప బల్ల మీద పెట్టి వచ్చిన శాలువానే. "దళవాయివారి ఆస్థాన కర్మారుల వారసునికి సర్కారు తరఫున సత్కారం. నెలనెలా గౌరవవేతనం కూడా పరిశీలనలో ఉన్నది."

వీరబ్రహ్మాచారి శాలువా అంచు వేళ్ళతో నలిపి చూసుకున్నాడు. ఎనభై నాలుగేళ్ళలో అది ఆయనకు మొదటి శాలువా. నాగప్ప వైపు చూడకుండా అన్నాడు. "మేకులు మాత్రం నేను మార్చినట్టు గ్యాపకం. గిన్నె పాతదే ఏమో నాయనా. వయసయిపాయె."

ఇక మిగిలింది బావి. నాగప్ప తొండం కట్టాడు, మోకు కట్టాడు. ఎద్దులను బాట మీద వెనక్కి నడిపించాడు. బాన బావిలోకి దిగి గుడగుడా మునిగింది. ఎద్దులు ముందుకు నడిచాయి. గిలక కిర్రుమంది, ఆ కిర్రు విని ముసలివాళ్ళు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. బాన పైకొచ్చి, తొండం తొట్టిలోకి సాగి, నీళ్ళు దబదబా కాలవలో పడ్డాయి. అట్లా పది బానలు తోడాడు నాగప్ప. పదో బానకు నిలబడి, చెమట తుడుచుకుని, నిరంజనరావు ముఖంలోకి చూశాడు. "టోపీ అయితే నీళ్ళు తోడుతాదా సార్?"

జనం చప్పట్లు కొట్టారు. నిరంజనరావు కూడా కొట్టాడు. మార్తాండం కొట్టలేదు. వంగి బావి గట్టు రాళ్ళ మీది గీతలనూ, బాన అంచు మీది గీతలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తున్నాడు.

వారానికి ఉత్తర్వు వచ్చింది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిరంజనరావే చదివాడు.

"విచారణలో తేలినది ఏమనగా, దళవాయివారు కరువు కాలమందు తమ శిరస్త్రాణమునే జలపాత్రగా మార్చి స్వయముగా సైన్యమునకు దాహము తీర్చిరి. ఇట్టి త్యాగము చరిత్రలో అపూర్వము. శిరస్త్రాణముపైని గీతలు సదరు బావి రాళ్ళతో సరిపోవుటచే, బావియు దళవాయివారిదేనని నిర్ధారణ అయినది. అభ్యంతరదారు శ్రమకోర్చి సాక్ష్యము సమకూర్చినందుకు అభినందనలు. బావి, కపిల బాట, ఎద్దులు తిరుగు మేర కలిపి పన్నెండు సెంట్లు అదనముగా రక్షిత స్థలములో చేర్చడమైనది."

నాగప్ప అరుగు దగ్గరికి జరిగాడు. "పరిహారమన్నా ఇస్తారా సార్?"

"పరిహారం యజమానికి కదండీ." నిరంజనరావు ఫైలులోంచి పాత కాగితం తీశాడు. కింద నాగప్ప సంతకం, కోడికాలు గీరినట్టు. "మీ వంశీకులు పరంపరాగతంగా సంరక్షకులని మీరే రాసిచ్చారు. సంరక్షకుడికి స్థలం సేవ కోసం ఇస్తారు, హక్కు ఉండదు. మీరు ఇన్నాళ్ళూ దళవాయివారి స్థలంలో చీనీకాయలు కోసుకున్నారు. దాని విషయమై సర్కారు ఉదారంగా మౌనం వహిస్తున్నది."

రోడ్డు మాత్రం పడింది. మాట తప్పలేదు. హైవే నుంచి ఎక్కురాయి దాకా నల్లగా, చీనీచెట్ల మధ్యలోంచి, పడింది. లారీలు చెట్ల కిందికే వస్తాయి. కాయలు వేలం వేసేది మ్యూజియం వాళ్ళు. మిగిలిన తోటకు నీళ్ళు కావాలంటే బావి గేటు దగ్గర టిక్కెట్టు తీసుకోవాలి. ఊరివాళ్ళకు సగం టిక్కెట్టు.

ఒకనాడు ఆ గేటు దగ్గర మార్తాండం ఎదురయ్యాడు. నాగప్ప దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, ఒక్క మాట. తిట్టను. నిజంగా మీకు అది బాన అని తెల్దా?"

మార్తాండం కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచాడు. చుట్టూ ఎవరూ లేరు. "తెలియకేం నాగప్పగారూ. మా తాతగారి పొలంలో నాలుగు కపిలలు తోలేవారు. చిన్నప్పుడు ఆ బాన నీళ్ళ కిందే కూర్చుని స్నానం చేశాను."

"మరి?"

"ఐదో వస్తువు కావాలి. అయినా మిమ్మల్ని అడిగాను కదా, ఇదేమిటని. మీ నోటితో బాన అంటే నేను రాసుకునేవాణ్ణి కాదు. అమ్మగారు చెప్పబోయారు కూడా. మీరు మజ్జిగకు పంపించారు." కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "మజ్జిగ నాకు అందనేలేదు."

అందుకే నాగప్ప మంట ఆరదు. మూర్ఖుడి చేతిలో పోయివుంటే ఏదో ఖర్మ అనుకునేవాడు. ఇంట్లో ఈ మాట ఎత్తడానికి లేదు, ఎత్తితే లింగమ్మ మజ్జిగ చెంబు వైపు చూస్తుంది. బొల్లికోడి ఇప్పుడు చిల్లుబుట్ట కింద పొదుగుతోంది, పిల్లి రెండుసార్లు గుడ్లు తినేసింది. ఊళ్ళో ఎవరైనా సానుభూతికి, ఎంత పోయింది నాగప్పా అంటే, ఐదో తరగతి లెక్క గనక ఎక్కడా తడబడకుండా చెబుతాడు. మొదట పోయింది రెండెకరాల ఐదు సెంట్లు. బాన అని నిరూపించినందుకు పోయింది పన్నెండు సెంట్లు. సర్వే నంబరు రెండు వందల నలభై మూడులో, బావితో సహా, చెట్లతో సహా, మొత్తం రెండెకరాల పదిహేడు సెంట్లు.